దిబ్బ వీధి సింహావలోకనం

సోమేలపర్రు పురపాలక సంఘంలో టర్న్‌కాక్ అనే ఉద్యోగం ఒకటుంది. ఏ వీధికి ఎన్నింటికి నీళ్ళు వదలాలో, ఎన్నింటికి కట్టెయ్యాలో చూసుకునే ఉద్యోగం అది. ఇరవై తొమ్మిదేళ్ళుగా దాన్ని పోలిశెట్టి నూకరాజు చేస్తున్నాడు. అతని పనిముట్టు ఒక్కటే, భుజం ఎత్తున్న ఇనప తాళం. దాన్ని వాల్వు గుంటలోకి దింపి కుడికి తిప్పితే నీళ్ళు ఆగుతాయి, ఎడమకి తిప్పితే వస్తాయి. ఇన్నేళ్ళలో అతను నేర్చిన విద్య అంతే. ఊరికి అది చాలింది కూడా.

దిబ్బ వీధిలో తారు రోడ్డు వేస్తున్నాం, తడి తగలకూడదు, నీళ్ళు కట్టెయ్యమని పైనుంచి మాట వస్తే, ఒక మంగళవారం పొద్దున్న నూకరాజు వెళ్ళి కుడికి తిప్పి వచ్చాడు. బుధవారం రోడ్డు వేశారు. మన ఊళ్ళో ఏ పనీ శ్రద్ధగా చెయ్యరని అనేవాళ్ళు ఆ రోడ్డు చూడాలి. వాల్వు గుంట ఇనప మూతని కూడా వదలకుండా దాని మీద రెండంగుళాల మందాన తారు పోసి, రోలరు ఎక్కించి చదును చేశారు. గురువారం నీళ్ళు వదలడానికి తాళం భుజాన వేసుకుని వెళ్ళిన నూకరాజుకి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నున్నటి రోడ్డు తప్ప ఏమీ కనిపించలేదు.

ప్రతి వాల్వు గుంటకీ ఎదురుగా ఉన్న గోడ మీద ఎర్ర రంగుతో ఓ బాణం, దాని కింద ఓ అంకె వేసుకోవడం అతని అలవాటు. గోడ దగ్గర నిలబడి అన్ని అడుగులు వేస్తే కాళ్ళ కింద గుంట ఉన్నట్టు. దిబ్బ వీధి బాణం అతని అక్క బుల్లెమ్మ ఇంటి గోడ మీదే ఉండేది. క్రితం నెల సుందరీకరణ వాళ్ళు వచ్చి దాని మీద రంగుల బొమ్మ వేశారు. ఆ బొమ్మలో ఓ పాప కుళాయి కింద చేతులు కడుక్కుంటూ ఉంటుంది. రోడ్డు వేసిన తరవాత దిబ్బ వీధిలో నీళ్ళొస్తున్న కుళాయి ఆ ఒక్కటే.

బాణం పోతే పోయింది, ఏడడుగులని నూకరాజుకి గుర్తే. నాలుగు గునపం పోట్లు వేస్తే పని అయిపోతుంది. ఆ మాటే ఏఈ ప్రసూన గారికి చెప్పాడు. ఆవిడ మంచి మనిషే గాని ఉద్యోగానికి కొత్త. కొత్త రోడ్డుని ఏడాదిదాకా తవ్వకూడదని ఆదేశం ఉందనీ, తవ్వితే తవ్వినవాడు సస్పెండవుతాడనీ, శిక్షణకి వెళ్ళిన కమిషనరు గారు రాగానే అనుమతి తీసుకుందామనీ చెప్పింది. నూకరాజుకి రిటైర్మెంటు పదిహేను నెలల్లో ఉంది. అతను తాళం గోడకి ఆనించి కూర్చున్నాడు.

కమిషనరు ముకుందవర్ధన్ గారు అయిదు రోజుల శిక్షణ ముగించుకుని సోమవారం వచ్చారు. వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో చిన్న సూట్‌కేసు ఉంది. వచ్చేటప్పుడు దానితోపాటు రంగురంగుల చీటీలున్న సంచీ ఒకటి, మొహంలో వెలుగు ఒకటి అదనంగా వచ్చాయి. మధ్యాహ్నానికల్లా మేనేజరు అవధానులు గారు సర్క్యులరు తయారు చేశారు.

“ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై ఏ పనికి సంబంధించినదైనను పూర్వాపరములు సింహావలోకన సమావేశమునందు సామూహికముగా పరిశీలింపబడి, పాఠములు గ్రహింపబడిన మీదటనే తదుపరి చర్య చేపట్టవలెను.”

సింహం నాలుగడుగులు నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూసుకుంటుందనీ, అందుకే అది అడవికి రాజయిందనీ కమిషనరు గారు సిబ్బందికి వివరించారు. చూసుకున్న తరవాత అది మళ్ళీ ముందుకి నడుస్తుందా అని ఫిట్టరు జోగారావు నూకరాజు చెవిలో అడిగాడు. ఆ సంగతి శిక్షణలో చెప్పినట్టు లేదు.

మొదటి సింహావలోకనానికి దిబ్బ వీధి సమస్యనే ఎంచుకున్నారు. ఆ పూటే మీటింగు హాల్లో పద్నాలుగు కుర్చీలు గుండ్రంగా వేశారు. గోడకి మూడు పెద్ద చార్టులు అంటించారు. వాటి పేర్లు సంతోషం, విచారం, సంకల్పం. పక్కన నియమాల పట్టిక. ఎవరి పేరూ ఎత్తరాదు. ఎవరినీ తప్పు పట్టరాదు. ‘నేను’ అనరాదు, ‘మనం’ అనవలెను. ఏది చెప్పదలచినా చీటీ మీద రాయవలెను.

ముందుగా అందరూ తమ మనసులో వాతావరణం ఎలా ఉందో చెప్పాలన్నారు. కమిషనరు గారి మనసులో లేత సూర్యోదయం అవుతోంది. ప్రసూన గారికి కాస్త మబ్బు పట్టింది. అవధానులు గారికి మందమారుతం వీస్తోంది. నూకరాజు వంతు వచ్చింది. ఆరు రోజులుగా వీధిలో చుక్క నీరు లేదనే సంగతి తప్ప అతని మనసులో ఏమీ లేదు.

“ఎండగా ఉందండి” అన్నాడు.

దాన్ని అనుకూల వాతావరణం కింద రాసుకున్నారు.

తరవాత చీటీలు. నూకరాజు గుండ్రటి అక్షరాలతో “రోడ్డోళ్ళు మూత మీద తారు పోసేశారు” అని రాసిచ్చాడు. అవధానులు గారు దాన్ని కళ్ళజోడు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి చదివారు. అందులో నింద ధ్వనిస్తోందన్నారు. సవరించి, “మూత రోడ్డునకు దిగువన ఉండు స్థితికి చేరుకున్నది” అని విచారం చార్టు మీద అంటించారు.

నూకరాజు రెండో చీటీ రాశాడు. “వాల్వు ఎక్కడుందో నాకు తెలుసు.” ఇందులో నింద లేదు గాని ‘నేను’ ఉంది. అవధానులు గారు ఆ ఒక్క ముక్కే దిద్దారు. “వాల్వు ఎక్కడున్నదో మనకు తెలుసు” అయింది. అందరికీ తెలిసిన విషయం విచారించదగ్గది కాదు కనక ఆ చీటీ సంతోషం చార్టుకి వెళ్ళింది. ఎక్కడుందని ఆ తరవాత ఎవరూ అడగలేదు. తెలిసిన సంగతి అడగడమేమిటి?

చివర్న సంకల్పం చార్టు మీద ఒకే ఒక తీర్మానం రాశారు. “వాల్వును తెరవవలెను. బాధ్యులు: మనం.” అందరూ చప్పట్లు కొట్టారు, టీ తాగారు, ఎవరి సీట్లకి వాళ్ళు వెళ్ళిపోయారు. మనం ఆ వారమంతా ఆఫీసుకే రాలేదు.

ఈలోగా నూకరాజు దిబ్బ వీధి మొహం చూడలేకపోతున్నాడు. చూడకుండా ఉండనూలేడు, అక్క ఉంది. బుల్లెమ్మకి అరవై ఎనిమిదేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రోజూ కాలవ వంతెన అవతలున్న బోరింగుదాకా వెళ్ళి, బిందె చంకనెత్తుకుని, నాలుగుచోట్ల దింపుకుంటూ ఎత్తుకుంటూ తెచ్చుకుంటోంది. అతను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళియ్యమన్నాడు.

“బోరింగు కాడికెళ్ళి తాగిరా” అంది తల ఎత్తకుండానే. “నీళ్ళు కట్టేసినోడికి నా బిందెలో నీళ్ళు లేవు.”

తమ్ముడు పుట్టాక ఆవిడ అతనికి మంచినీళ్ళు ఇవ్వకపోవడం అదే మొదటిసారి. పై నుంచి చెప్పారని, రోడ్డు వాళ్ళు పోశారని, అనుమతి రావాలని చెప్పబోయి మానేశాడు. కుడికి తిప్పింది తన చెయ్యే. బిందె తీసుకుని బోరింగుకి బయల్దేరాడు. ఆ రోజునుంచి డ్యూటీ అయ్యాక మూడు బిందెలు మొయ్యడం అతని రెండో ఉద్యోగం అయింది. నీళ్ళు పోయించుకుంది గాని, అక్క గ్లాసు మాత్రం అందివ్వలేదు.

రెండో సోమవారం, తీర్మానం ఎందుకు అమలు కాలేదన్న విషయం మీద సింహావలోకనం జరిగింది. ఈసారి కమిషనరు గారు కొత్త పద్ధతి తెచ్చారు. ఏ సమస్యనైనా అయిదుసార్లు ఎందుకని అడిగితే మూలకారణం బయటపడుతుందట. నీళ్ళెందుకు రావడం లేదు? వాల్వు తెరవలేదు కనక. ఎందుకు తెరవలేదు? మూత రోడ్డునకు దిగువన ఉన్నది కనక. రోడ్డు ఎందుకు ఉన్నది? వేశారు కనక అని జోగారావు అనబోతే, వేశారంటే ఎవరో వేసినట్టు అవుతుందని ఆపి, అవసరము ఏర్పడినది కనక అని రాశారు. అవసరం ఎందుకు ఏర్పడింది? జనం నడుస్తున్నారు కనక. జనం ఎందుకు నడుస్తున్నారు?

అయిదు అయిపోయాయి కనక అక్కడ ఆగారు. దిబ్బ వీధి నీటి ఎద్దడికి మూలకారణం ప్రజల నడక అని తేలింది. నడక తగ్గించుకోవడంపై వీధి ప్రజలకి అవగాహన సదస్సు పెట్టాలని సంకల్పించారు. బాధ్యులు, మనం. పొద్దుటి బిందెకి వెళ్ళే బుల్లెమ్మ నడక మాత్రం రోజుకి అరమైలు పెరిగింది.

మూడో సమావేశంలో నూకరాజు తెగించి నిలబడ్డాడు. చీటీ రాయలేదు, నోటితోనే చెప్పాడు.

“ఏవండీ, ఆ వాల్వు మా అక్క గోడకి ఏడడుగుల్లో ఉందండి. నాకు బాగా తెల్సండి. తవ్వమంటే ఇప్పుడే తవ్వేత్తానండి.”

కమిషనరు గారికి కోపం రాలేదు. ఆయనకి కోపం రాకుండా శిక్షణ ఇచ్చారు. చల్లగా నవ్వి, “నూకరాజు గారూ, ఒక్క వ్యక్తి దగ్గర మాత్రమే ఉన్న జ్ఞానం సంస్థకి ప్రమాదం. రేపు మీరు రిటైరైతే ఆ జ్ఞానం ఏమైపోవాలి? వాల్వు ఎక్కడుందన్నది మీకు తెలియడం కాదు, జట్టుకి తెలియాలి. జట్టు తనంతట తానే తెలుసుకోవాలి” అన్నారు.

జట్టు తెలుసుకునే పద్ధతి కూడా ఆయన దగ్గర ఉంది. దిబ్బ వీధి పటం పెద్ద కాగితం మీద గీయించి గోడకి అంటించారు. ఒక్కొక్కరికీ నుదుటి బొట్టుబిళ్ళంత ఎర్ర చుక్కలు మూడేసి పంచారు. వాల్వు ఎక్కడుండాలని ఎవరి అంతరాత్మ చెబితే అక్కడ వాళ్ళు చుక్కలు అంటించాలి. ఎక్కువ చుక్కలు పడ్డచోట రోడ్డు తవ్వడానికి కమిషనరు గారు అక్కడికక్కడే అనుమతి సంతకం చేస్తారు.

నూకరాజు తన మూడు చుక్కలూ బుల్లెమ్మ గోడకి ఏడడుగుల్లో, ఒకదాని పక్కన ఒకటి అంటించి వచ్చాడు. మిగతావాళ్ళు లేచి పటం ముందు కాసేపు ఆలోచించారు. తవ్వడమంటే ఎలా లేదన్నా పూట పని, నిలబడడానికి నీడ కావాలి, మధ్యలో గొంతు తడుపుకోడానికి ఏదైనా ఉండాలి. మొత్తం నలభైరెండు చుక్కల్లో ముప్ఫై ఒకటి టీకొట్టు ముందు పడ్డాయి. ఇంత ఏకాభిప్రాయం శిక్షణలో కూడా చూడలేదని కమిషనరు గారి కళ్ళు చెమర్చాయి.

టీకొట్టు ముందు మూడడుగుల లోతు తవ్వారు. ఒక పాత చెప్పు, కొన్ని కుండ పెంకులు దొరికాయి. నూకరాజు గుంట అంచున నిలబడి, ఇక్కడికి పన్నెండడుగులు అవతల అని చేత్తో చూపించాడు. అనుమతి చుక్కలు పడ్డచోటుకే గాని అవతలకి లేదని ప్రసూన గారు కాగితం తిప్పి చూపించింది. ఆవిడ మొహం కూడా చిన్నబోయింది. గుంట పూడ్చేశారు. సంతోషం చార్టు మీద “జట్టు సమష్టిగా తవ్వినది” అనే చీటీ, విచారం చార్టు మీద “వాల్వు సహకరించలేదు” అనే చీటీ ఎక్కాయి.

ఇదంతా బుల్లెమ్మ అరుగు మీదనుంచి చూసింది. ఆ శనివారం సాయంత్రం మూడో బిందె దింపుతున్న తమ్ముణ్ణి ఆపింది.

“ఒరేయ్ నూకా, అదెక్కడుందో నీకు తెల్సా, తెలీదా?”

“తెల్సక్కా.”

“మరేంటి నీ రోగం?”

తెలిసినా తెలుసనకూడదనీ, తన చేత్తో తవ్వితే ఉద్యోగం పోతుందనీ, పదిహేను నెలలు గడిస్తే చాలనీ అతను తల దించుకుని చెప్పాడు. చెబుతుంటే తన మాటలకి తనకే అసహ్యం వేసింది. ఆవిడ లేచింది. లోపలికి వెళ్ళి, గోడ మూల ఉన్న గునపం ఈడ్చుకుంటూ తెచ్చి అతని కాళ్ళ దగ్గర పడేసింది. మోకాళ్ళు పట్టుకుంటూ గుమ్మంలో కూర్చుంది.

మర్నాడు ఆదివారం. సమావేశాలు లేని రోజు. తెల్లవారగానే నూకరాజు వచ్చి గోడ మీది పాప బొమ్మకి వీపు ఆనించి నిలబడి, ఏడడుగులు వేసి, అక్కడ గునపం దించాడు. నాలుగో పోటుకి కింద ఇనుము ఖంగుమంది. జోగారావు అటువైపు వెళుతూ చూసి, చొక్కా విప్పి వచ్చి మట్టి తోశాడు. తాళం దింపి ఎడమకి తిప్పారు. టీకొట్టు వాడు పొయ్యి అంటించేలోపు దిబ్బ వీధి కుళాయిలన్నీ ముందు గాలి, తరవాత తుప్పు, ఆ తరవాత నీళ్ళు కక్కాయి. జనం బిందెలు, బకెట్లు, చివరికి గిన్నెలు కూడా పట్టుకొచ్చారు. తవ్వడం, తిప్పడం అన్నిటికీ కలిపి పట్టిన సమయం ముప్పావుగంట.

సోమవారం అత్యవసర సింహావలోకనం ఏర్పాటయింది. ఎవరు తవ్వారో అందరికీ తెలుసు. కాని ఎవరి పేరూ ఎత్తరాదు కనక, “రోడ్డు తవ్వబడినది, నీరు వచ్చియున్నది” అని రాశారు. దాన్ని సంతోషంలో పెట్టాలా విచారంలో పెట్టాలా అన్నదాని మీద గంటసేపు చర్చ నడిచింది. నీళ్ళొచ్చాయి కనక సంతోషమేనని జోగారావు అన్నాడు. పాఠములు గ్రహింపబడక ముందే పని పూర్తగుట విచారకరమని అవధానులు గారు అన్నారు. విరామంలో ఆయన నూకరాజుని వరండాలోకి పిలిచి, మెమో రాసి ఉంచానని మెల్లగా చెప్పారు. ‘పేరు’ అన్నచోట ఖాళీ ఉందట. ఎవరో ఒకరు ఎవరు తవ్వారో నోటితో చెబితే చాలు, నింపి సంతకానికి పెట్టేస్తారట.

అసలు చిక్కు విరామం తరవాత బయటపడింది. దిబ్బ వీధి సింహావలోకనాల నివేదికలు పై ఆఫీసుకి నచ్చాయి. గురువారం పరిశీలన బృందం వస్తోంది. ఒక సమస్యని జట్టు ఎంత లోతుగా పరిశీలిస్తోందో కళ్ళారా చూసి, ఆదర్శ కార్యాలయంగా ప్రకటిస్తుంది. తీరా సమస్యే లేకపోతే ఏం చూపించాలి?

“సమస్యను పరిష్కరించడంలో మనం తొందరపడ్డాం” అన్నారు కమిషనరు గారు బాధగా. “గురువారం వరకు దాన్ని సంరక్షించుకోవలసిన బాధ్యత ఇప్పుడు జట్టు మీద ఉంది.”

మళ్ళీ చుక్కలు పంచారు. వాల్వు మూసి సమస్యని పూర్వస్థితికి తేవాలన్న దానికి ముప్ఫై మూడు పడ్డాయి. వద్దన్న దానికి నూకరాజువి మూడు, జోగారావువి మూడు. ఇంకో మూడు చుక్కలు కూడా అటే పడ్డాయి. ప్రసూన గారు ఎటూ చూడకుండా వచ్చి కూర్చుంది. మెజారిటీ మెజారిటీయే. అవధానులు గారు సంకల్పం చార్టు ముందు నిలబడి రాశారు. “దిబ్బ వీధి వాల్వును మూసివేయవలెను. బాధ్యులు:”

అక్కడ కలం ఆగింది. ఊళ్ళో తాళం ఉన్నది ఒక్కడి దగ్గరే. మిగతా పదముగ్గురూ నూకరాజు వైపు చూశారు. ఆ వీధిలో మళ్ళీ కుడికి తిప్పడం తన వల్ల కాదని అతనికి ఆ క్షణంలో తెలిసిపోయింది. పేరు రాస్తే తిప్పననాలి, అంటే ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవాలి. అవధానులు గారు కమిషనరు గారి వైపు తిరిగి, పేరు వేయమంటారా అని అడిగారు.

కమిషనరు గారు గోడ మీదున్న నియమాల పట్టిక వైపు చాలాసేపు చూశారు. ఆయన నిజాయితీపరుడు. నేర్చుకున్నదాన్ని అక్షరాలా నమ్మిన మనిషి.

“మనం” అన్నారు.

నూకరాజు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. “అలాగేనండి. మనం కట్టేద్దామండి.”

మూడు వారాల్లో అతను మనం అనడం అదే మొదటిసారి. కమిషనరు గారు తానే ముందు చప్పట్లు మొదలుపెట్టారు.

మంగళవారం మనం రాలేదు. బుధవారం కూడా రాలేదు. గురువారం పది గంటలకి పరిశీలన బృందం ముగ్గురు సభ్యులతో దిబ్బ వీధికి వచ్చింది. కుళాయిలన్నీ ధారగా పోస్తున్నాయి. బృందం అధ్యక్షురాలు నెరిసిన జుట్టున్న పెద్దావిడ. అటూ ఇటూ చూసి, సమస్య ఏదని అడిగింది. కమిషనరు గారు మేనేజరు వైపు చూశారు. అవధానులు గారు ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఊరికే చెయ్యలేదు. సమస్యను సంరక్షించాలన్న తీర్మానం అమలుకాకపోవడమే ప్రస్తుత సమస్య అని, దాని మీద సింహావలోకనం ఇప్పుడే, ఇక్కడే ప్రారంభమవుతుందని విన్నవించారు. రోడ్డు మధ్యనే కుర్చీలు వేశారు. చార్టులు బుల్లెమ్మ గోడ మీది పాపకి అటూ ఇటూ అంటించారు.

అధ్యక్షురాలు మాత్రం కూర్చోలేదు. బుల్లెమ్మ గోడకి ఏడడుగుల్లో, నల్లటి తారు మధ్య ఇనప మూత చుట్టూ ఎర్రమట్టి కప్పిన చదరం కనిపించి అక్కడ ఆగింది. అరుగు మీద కూర్చున్న బుల్లెమ్మని చూసి, “అమ్మా, ఇది ఎవరు తవ్వారు?” అని మామూలుగా అడిగింది.

చీటీలు పంచుతున్న చేతులు ఆగిపోయాయి. అవధానులు గారు ఫైలులోంచి మెమో సగం బయటికి లాగారు. నూకరాజు అక్క వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. అక్కకి అబద్ధం చెప్పడం రాదని అతనికి తెలుసు.

బుల్లెమ్మ గుంజ పట్టుకుని లేచి నిలబడింది.

“నేనండి” అంది.

ఆ ఆఫీసు మనుషుల మధ్య ఆ మాట వినిపించి మూడు వారాలు దాటింది.

“గునపం నాది, ఇల్లు నాది, ఇక్కణ్ణించి బోరింగుదాకా అరిగిన మోకాళ్ళు నావి. నేనే తవ్వించేనండి. మీరేం చేసుకుంటారో నన్ను చేసుకోండి.”

అధ్యక్షురాలు ఆవిడ మోకాళ్ళ వంకా, పోస్తున్న కుళాయి వంకా చూసింది. చెప్పులు వదిలి, వంగి, ఆ నీళ్ళతో మొహం కడుక్కుంది. అవధానులు గారు మెమో చేతిలో పట్టుకుని, ‘పేరు’ అన్న ఖాళీని చూస్తూ నిలబడ్డారు. సిబ్బంది జాబితాలో బుల్లెమ్మ పేరు లేదు. ఆ మాట చీటీ మీద రాయాలో అక్కర్లేదో, రాస్తే మూడింట్లో ఏ చార్టుకి వెళుతుందో ఆయనకి తోచలేదు. మెమోని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

బుల్లెమ్మ లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో వచ్చింది. అధికారులని దాటుకుని, కుర్చీల మధ్యనుంచి, చివర నిలబడ్డ తమ్ముడిదాకా నడిచి, గ్లాసు అతని చేతిలో పెట్టింది.

“తాగు” అంది.

నూకరాజు ఒక్క గుక్కలో తాగేశాడు. గ్లాసు తిరిగి అక్కకిచ్చి, “ఇంకోటియ్యక్కా” అన్నాడు.